వికలాంగుల జీవిత ప్రణాళిక: సంధానకర్తల శిక్షణ

చార్మినారు నుండి లాడ్ బజారు గాజుల దుకాణముల మీదుగా పడమరగా నడచి, మహబూబ్ చౌక్ గడియార స్తంభము దాటి కొంతదూరము పోయినచో హుస్సేనీ ఆలం చేరుదుము. మన పల్లెలలో పీరు అని పిలుచు ఆలం పేరే ఈ పేటకు వచ్చినది. ఇరుకు సందులు, ఒకే వాకిటిలో రెండు మూడు కాపురములు. ఇట్టి ఇంటిలో ఇరువదియేండ్ల యువకుడొకడు ఉన్నాడని ఊహింతము. అతనికి మేధో వైకల్యము కలదు. మాటలు కొద్ది. అప్పుడప్పుడు మూర్ఛ వచ్చును. ‘ఇతనికేమి కావలెను?’ అని అడిగినచో తల్లి ఒక సమాధానము, పెదనాన్న ఒక సమాధానము, వైద్యుడు మరియొకటి చెప్పుదురు. అతనిని అడిగినవారు లేరు.

అతనిని నడుమ నుంచుకొని, అతని జీవితమును గూర్చి అతనితో కలిసి ఆలోచించు పద్ధతికి వ్యక్తి కేంద్ర ప్రణాళిక అని పేరు. ఆ ఆలోచనను నడుపువారిని సంధానకర్తలందము. చూచుటకు ఇది సులువైన పనివలె కనిపించును గాని శిక్షణ లేనిదే సాధ్యము కాదు.

ఈ రంగము మన నగరమునకు కొత్తది కాదు. సికింద్రాబాదులోని మనోవికాస్ నగరులో 1984లో ఒక జాతీయ సంస్థ ఏర్పడి, మేధో వైకల్యము గలవారికి బోధించు ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేయుచున్నది. అట్టి ఉపాధ్యాయులు ముందుగా విద్యార్థి శక్తిని పట్టికలతో అంచనా వేయుదురు. మద్రాసులో రూపొందిన ప్రసిద్ధమైన పట్టికలో 18 విభాగములు, ఒక్కొక్కదానిలో 20 అంశములు, మొత్తము 360 కలవు. బొత్తాము పెట్టుకొనగలడా, డబ్బు లెక్కింపగలడా అన్నవి తెలిసినగాని తరువాతి పాఠము నిర్ణయింపలేము. పట్టిక అవసరమే. కాని సాయంకాలము అతడు ఎక్కడ, ఎవరి పక్కన కూర్చుండ గోరునో ఆ 360 అంశములును చెప్పవు.

ఈ లోటును పూరింపవలెనను ఆలోచన ఉత్తర అమెరికాలో 1980 ప్రాంతమున బలపడెను. కెనడాలోని టొరాంటోలో జుడిత్ స్నో అను విదుషి చదువుకొని ఉద్యోగము చేయుచుండియు, కాలుసేతులు స్వాధీనములో లేనందున, సహాయకులు దొరకక దీర్ఘరోగుల ఆసుపత్రిలో నివసింపవలసి వచ్చెను. మార్షా ఫారెస్ట్ మొదలగు మిత్రులు ఆమె చుట్టు కూడి, ఆమె కోరిక ఆమె నోటనే విని, ప్రభుత్వముతో వాదించి, స్వంత ఇంటిలో సహాయకులతో బ్రదుకు ఏర్పాటు సాధించిరి. అదే దశకములో అమెరికాలోని మేరీలాండులో మైకేల్ స్మల్, సూసన్ బర్క్ హారిసన్ అనువారు పెద్ద సంస్థలనుండి బయటికి వచ్చువారి కొరకు ఒక పద్ధతిని తయారుచేసిరి. దాని కీలకము రెండు ప్రశ్నలు: ఈ వ్యక్తికి ప్రియమైనదేది? హితమైనదేది? మన భాషలో ఈ జంట పదములు పాతవే. చిక్కేమనగా, వికలాంగుని విషయములో మనము హితమును మాత్రమే తలచి ప్రియమును మరచిపోదుము.

మన యువకుని సంగతియే చూతము. అతనికి మేనమామ గాజుల దుకాణమన్న ప్రాణము. లక్కను బొగ్గుల సెగపై మెత్తబరచి గాజుగా చుట్టి, అద్దపు ముక్కలు పొదుగుచుండగా గంటలకొద్ది చూచును. మూర్ఛ వచ్చి నిప్పులపై పడునేమోయని ఇంటివారు అతనిని పంపుట మానిరి. వారి భయము నిజమైనదే. సంధానకర్త ఆ భయమును కొట్టివేయరాదు, దానికి లొంగిపోవనూరాదు. కుంపటికి దూరముగా అతనికి స్థలము, గాజులను కొలతల ప్రకారము వేరుచేయు పని, వేళకు మాత్ర, మూర్ఛ వచ్చినప్పుడు ఏమి చేయవలెనో తెలిసిన ఒక మనిషి: ఇవి కుదిరినచో రెండును నెరవేరును. తాళపు చెవుల గుత్తి చేతిలో పెట్టుట వలన మూర్ఛ ఆగదని విద్యార్థులు తెలిసికొనవలెను. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటిలో ఏమియు పెట్టక, కాలము చూచుచుండవలెను. అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇక శిక్షణ. మొదటి అభ్యాసములో శిక్షితులు తమ జీవితమునకే ప్రణాళిక వేసికొందురు. పదిమంది యెదుట తన కోరిక గోడమీది కాగితముపై ఎక్కినప్పుడు కలుగు సంకోచము అనుభవించినగాని తెలియదు. తరువాతిది మౌనము: ప్రశ్న వేసి, మనసులో పదివరకు లెక్కించి, అంతవరకు పెదవి కదపకుండుట. ఉపాధ్యాయులకు ఇది మరింత కష్టమని నా అభిప్రాయము. మాటలు రానివారి కొరకు నాలుగు గళ్ల పట్టికను వ్రాయుట నేర్పుదురు. అప్పుడేమి జరుగుచున్నది, అతడేమి చేసెను, దాని అర్థమేమై యుండును, మనమేమి చేయవలెను అన్నవి ఆ గళ్లు. సమావేశమును నడుపుటకు ఇద్దరుందురు. ఒకరు అడుగుదురు, రెండవవారు గోడకు అంటించిన పెద్ద కాగితముపై బొమ్మలతో వ్రాయుదురు. హుస్సేనీ ఆలంవంటి పేటలో ఆ ఇద్దరిలో ఒకరైన దక్కనీ ఉర్దూ తెలిసినవారై యుండవలెను. పరదా పాటించు ఇండ్లకు స్త్రీలు వెళ్లుట మేలు. అచ్చు బొమ్మలకంటె అతని సందు, దుకాణము, మేనమామ ఫోటోలు బాగుగా పనిచేయును.

ఈ శ్రమవలన ఫలము కలదా? ఇంగ్లండులో 93 మందిని పరిశీలించి 2005లో ప్రకటించిన నివేదికయందు, ప్రణాళిక జరిగినవారికి స్నేహములు, కుటుంబముతో రాకపోకలు, ఎంపికలు పెరిగినట్లు తేలెను. ఉద్యోగముల విషయములో మాత్రము మార్పు కనబడలేదు. ఒకరికి ప్రణాళిక జరుగునా లేదా అనునది అన్నిటికంటె సంధానకర్త పట్టుదలపై ఆధారపడినదని కూడ ఆ పరిశోధకులు కనుగొనిరి.

మన 2016 చట్టము వికలాంగులకు ఇతరులతో సమానమైన చట్టపరమైన హోదాను గుర్తించినది. సంరక్షకుడు అవసరమైనను, ఇద్దరును కలిసి నిర్ణయించు పరిమిత సంరక్షకత్వమునే చెప్పినది. పొరుగు పాఠశాలలో ఉచితవిద్య హక్కు 18 ఏండ్లతో ముగియును. కావున మొదటి సమావేశము తొమ్మిదవ తరగతిలోనే జరుపుట మంచిది. అందు తేలిన ప్రతి పనికి ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ వ్రాయవలెను. కాగితమునకు రెండు ప్రతులు తీసి, మొదటిది విద్యార్థి చేతికి, రెండవది పాఠశాలకు ఇవ్వవలెను.