ఆ జీడిమచ్చ చెరపకండి

అశ్వారావుపేటలో ఒక ఫొటో స్టూడియో. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడి పక్కన పంతొమ్మిదేళ్ల అమ్మాయి. చీరల షాపు రీల్స్‌కి, మేకప్ ఆర్టిస్టుల పెళ్లికూతురు షూట్‌లకి మోడల్‌గా వెళ్తుంటుంది. తెర మీద ఆమె ఫొటో. ముందు ముఖం తెల్లబడింది. తర్వాత మౌస్ పట్టి లాగితే నడుము లోపలికి పోయింది. ఆఖరున మణికట్టు మీద నల్లటి మచ్చ మిగిలింది. జీడిగింజలు కాల్చి పప్పు తీస్తుంటే జీడి చింది పొక్కిన చోటు అది.

"అది కూడా తీసెయ్ అన్నా" అంది. ఒక్క నొక్కుతో పోయింది. జీడితోటల ఊళ్లో పుట్టిన పిల్ల అనడానికి ఆ ఫొటోలో ఇంకేమీ మిగల్లేదు.

పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగాను. "టీ తాగానండీ. రేపు షూట్ ఉంది. కుచ్చిళ్ల దగ్గర లావుగా కనబడుతున్నానంట, రెండ్రోజుల నుంచి అన్నం మానేశా" అంది. ఆ పిల్ల చెయ్యి నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇమిడిపోయేంత సన్నం. ఇంకా ఎక్కడ తగ్గాలి?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తం చాలని పిల్లల్ని పస్తులుండి రమ్మంటున్నాం. నోటితో అనకపోయినా, లావుగా ఉన్నావన్న మాటకి అర్థం అదే.

పెద్ద ర్యాంపుల మీద ఈ సన్నబడే పిచ్చి ప్రాణాలే తీసింది. 2006 ఆగస్టులో ఉరుగ్వే మోడల్ లూయిసెల్ రామోస్ షో జరుగుతుండగానే కుప్పకూలి చనిపోయింది. ఆ నవంబరులో బ్రెజిల్ అమ్మాయి అనా కరోలినా రెస్టన్. వయసు 21, ఎత్తు 174 సెంటీమీటర్లు, బరువు 40 కిలోలు. ఆ ఎత్తుకి తక్కువలో తక్కువ 56 కిలోలైనా ఉండాలి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి మోడల్‌కి డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి. ప్రకటనలో ఒంటిని సన్నగానో లావుగానో మార్చితే ఆ సంగతి ఫొటో మీదే రాయాలి. మన చీరల ఫ్లెక్సీల మీద అలాంటి ముక్క ఎక్కడైనా చూశారా?

మన తెలుగింటి పిల్ల కథ కూడా ఉంది. నీనా దావులూరి తల్లిదండ్రులది విజయవాడ వైపు. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలిచిన తొలి భారత సంతతి అమ్మాయి ఆమె. ఆ రాత్రే అక్కడి జాత్యహంకారులు సోషల్ మీడియాలో విరుచుకుపడ్డారు. ఇక్కడేమో, ఈ రంగుతో మన దేశంలో పోటీకి దిగితే గెలిచేదా అని చర్చ లేచింది. ఆ మాట నన్ను ఎక్కువ నొప్పించింది, ఎందుకంటే గెలిచేది కాదనే నాకూ అనిపించింది. తిన్నది బలవంతంగా కక్కుకునే బులీమియాతో తాను పోరాడానని నీనా దాచుకోకుండా చెప్పింది. కిరీటం పెట్టుకున్న మనిషి ఆ మాట పైకి అనడం చిన్న ధైర్యం కాదు.

రంగు పిచ్చి మందుల షాపు దాకా వెళ్లింది. తెల్లబడతామని పూసుకునే కొన్ని ట్యూబుల్లో ఉండేది స్టెరాయిడ్. వారం పది రోజులు ముఖం మెరుస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, ఎండలోకి వెళ్తే మండిపోతుంది. మానేస్తే ఇంకా ఎర్రబడుతుంది, అందుకే మానలేరు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది.

నిన్ను నువ్వు ప్రేమించుకో అని ఆ అమ్మాయికి చెప్పడం తేలిక. షూట్‌కి వెయ్యో రెండు వేలో ఇచ్చేవాళ్లు వద్దన్నాక ఆ ప్రేమ ఇంటి ఖర్చుకి రాదు. మారాల్సింది ముందు డబ్బులిచ్చేవాళ్లు. చీరల షాపుల యజమానులారా, మీ దగ్గర చీర కొనే అక్కలు, వదినలు చామనఛాయ వాళ్లే. వాళ్ల రంగున్న పిల్లకే ఆ చీర కట్టి చూపించండి. షూట్ రోజున ముందు కడుపు నిండా అన్నం పెట్టండి. స్టూడియో తమ్ముళ్లూ, వెలుతురు సరిచేయండి, చాలు. నడుము జోలికి, రంగు జోలికి పోకండి. ఆ జీడిమచ్చను ఉండనివ్వండి.