తుపానులో కబురే ప్రాణరక్ష
సాలూరు: తుపాను వెలిసిన మరుక్షణం కరెంటు ఎప్పుడొస్తుందని వినియోగదారులు అడుగుతారు. స్తంభమెక్కే సిబ్బందికి అంతకన్నా పెద్ద ప్రశ్న వేరే ఉంది. తీగలో సరఫరా లేదని చెప్పిందెవరు?

విద్యుత్తు పంపిణీ సంస్థల్లో ఈ అనుమతిని ‘లైన్‌ క్లియర్‌’ అంటారు. లైన్‌మన్‌ కోరితే సబ్‌స్టేషన్‌ ఆపరేటరు ఆ ఫీడరుకు సరఫరా నిలిపివేసి, తీసుకున్న వ్యక్తి పేరు, సమయం పుస్తకంలో నమోదు చేస్తారు. పని ముగిశాక తీసుకున్న వ్యక్తే తిరిగి అప్పగించాలి. ‘అయిపోయింది, వేసేయండి’ అని పక్కవారు చెబితే చెల్లదు.

మామూలు రోజుల్లో ఇదంతా ఫోనులోనే సాగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ విశాఖ వద్ద తీరం దాటినప్పుడు స్తంభాలతోపాటు సెల్‌ఫోన్లూ మూగబోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస ప్రాంతాన్ని కుదిపేసింది. ఇలాంటి వేళ పొరుగు జిల్లాల బృందాలూ సాయానికి వస్తాయి. వారికి ఇక్కడి ఫీడర్ల పేర్లు తెలియవు. వెంట స్థానిక ఉద్యోగి ఉండి తీరాలి.

సాలూరు కొండ గ్రామాల్లో సిగ్నలు ఎప్పుడూ అంతంతమాత్రమే. ఫోను అందకుంటే మనిషిని పంపి రాతపూర్వకంగా కబురు తెప్పించుకోవడమే మార్గం. గంట ఆలస్యమైనా ఫరవాలేదు. అనుమతి అందినా తీగను పరీక్షించి, ఎర్తింగ్‌ చేశాకే చేయి వేయాలి. ఏ ఇంటి జనరేటరు నుంచైనా సరఫరా వెనక్కి రావచ్చు.