పాత బండికి క్రొత్త ఇంజను

పద్యమునందలి యొక మాటను తీసి, దాని చోట అదే యర్థముగల వేఱొక మాటను పెట్టి చూడుడు. "ఏనుగు" అన్నను "గజము" అన్నను అర్థ మొక్కటియే. కాని మొదటిది భగణము, రెండవది నగణము. మార్చినంతనే పాదము కుంటును. ఆ మాట పాదాదిని ఉన్నచో యతియు ప్రాసయు గూడ చెడును. ముప్పదియేండ్లు బడిపిల్లలకు ఈ సంగతి చెప్పిన నేను, ఉద్యోగము విరమించిన పిమ్మట, ఎ.కొండూరులో మా మేనల్లుని పశువుల కొట్టమునందు ఒక పాత కారు ప్రక్కన నిలుచుండి దానినే మరల నేర్చుకొంటిని.

ఆ కారు స్టాండర్డు హెరాల్డు. 1959లో ఇంగ్లండున ట్రయంఫ్ హెరాల్డు అను పేర ఇది వెలువడెను. రూపకల్పన చేసినవాడు ఇటలీ దేశస్థుడగు మికెలోట్టి. 1961 మొదలు మద్రాసులో స్టాండర్డు కంపెనీవారు దీనిని తయారుచేసిరి. 1962లో వచ్చిన స్పిట్‌ఫైరు అను స్పోర్ట్సు కారు ఈ హెరాల్డు చట్రమును కుదించి నిర్మించినదే. కావుననే మా బావగారు తమ బండిని చూపి "ఇది పందెపు గుఱ్ఱమునకు దాయాది" అని మురిసిపోవుచుండెడివారు. ఆయన కాలముచేసిన కొన్నాళ్లకు బండిలోని 948 సీసీల ఇంజనులో క్రాంకుషాఫ్టు విరిగినది. మద్రాసు కర్మాగారము మూతపడి చాలకాలమైనది. సామాను దొరకలేదు. పెండ్లికూతురైన చెల్లెలు తండ్రి బండిలోనే తిరువూరు కల్యాణమండపమునకు పోవలెనని మేనల్లుని పట్టుదల. ముహూర్తమునకు నాలుగు నెలలున్నది. అతడు విజయవాడ ఆటోనగరునకు పోయి, మారుతి జిప్సీ కారునకు చెందిన 1298 సీసీల ఇంజనును గేరుపెట్టెతో సహా తెచ్చెను.

"మామయ్యా, పాతది దింపి క్రొత్తది ఎక్కించుటే గదా!" అనెను.

నాకు స్పానరు పట్టుట రాదు. పుస్తకము చదివి అర్థము చెప్పుట వచ్చును. ఆంగ్లమున నున్న మరమ్మతు గ్రంథము నా పాలబడినది.

దింపుట నిజముగా సులభమే. హెరాల్డు బానెట్టు మడ్గార్డులతో సహా ముందునకు తెఱచుకొనును. చింతచెట్టు కొమ్మకు చైను కప్పీ కట్టి, ఒక్క పూటలో పాత ఇంజనును లేపినారు. ఎక్కించునపుడు తెలిసినది కథ. క్రొత్త ఇంజను అడుగున నుండు నూనె తొట్టి స్టీరింగు కడ్డీకి తగిలెను. వెనుకకు జరిపిన గేరుపెట్టె లోపలి నేలకు తగిలెను. తిరువూరిలోని లేతుపనివాడు ఇంజను కాళ్లను మూడుమార్లు కోసి మూడుమార్లు అతికెను.

ఇంజను కూర్చుండినది. చక్రములను దిమ్మలపైకెత్తి నడిపి చూడగా వేగము హెచ్చినకొలది బండి యంతయు వణకెను. దీని కారణము వినదగినది. ఇంజను శక్తిని వెనుక చక్రములకు చేర్చు పొడుగైన షాఫ్టునకు రెండు కొసలను కీళ్లుండును. కీలు వంపుగా నున్నపుడు, ముందు షాఫ్టు సమవేగమున తిరిగినను, వెనుకది ప్రతి చుట్టునందును రెండుమార్లు త్వరపడి రెండుమార్లు మందగించును. రెండు కీళ్లవంపులును సమానమైనచో, మొదటి కీలు చేసిన దోషమును రెండవది దిద్దును. మావాడు ఇంజనును చోటునకు సరిపెట్టెనే గాని వంపును కొలువలేదు. గేరుపెట్టె క్రింద పలుచని ఇనుపరేకులు చొప్పించి సరిచేయగా వణకు తగ్గెను.

ఇక నా పొరపాటు చెప్పవలెను. ఒకనాడు స్టార్టరు త్రిప్పగా ఇంజను కదలక, యాక్సిలరేటరు తీగ ఎఱ్ఱగా కాలి పొగలు చిమ్మెను. బ్యాటరీనుండి పోయిన విద్యుత్తు ఇంజను ద్వారా చట్రమునకు చేరి మరల బ్యాటరీకి రావలెను. కాని ఇంజను కూర్చుండునది రబ్బరు దిండ్లపై. రబ్బరు విద్యుత్తును పోనీయదు. అందులకై ఇంజనునకును చట్రమునకును నడుమ దళసరి ఎర్తు పట్టీ యొకటి బిగింతురు. గ్రంథములో ఆ వాక్యము నేను చదివితిని, అల్పవిషయమని దాటవేసితిని. దారి దొరకని విద్యుత్తు సన్నని తీగను దారిచేసికొన్నది. దాపున ఎండుగడ్డి యున్నది. దైవకృపచే అంటుకొనలేదు.

ముహూర్తము పదిదినములున్నదనగా ఇంజను శ్రావ్యముగా పలికినది. పాత ఇంజను బలము 35 అశ్వశక్తులకు అటునిటు, దీనిది 60. బ్రేకులు మాత్రము పాతవే, నాలుగు చక్రములకును డ్రమ్ములు. వేగము 60 కిలోమీటర్లనుండి 90 అయినచో, బ్రేకులు మ్రింగవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు గాదు, రెండుంబావు రెట్లగును. అంతేగాక హెరాల్డు వెనుక ఇరుసు కీలుగుఱ్ఱము వంటిది. మలుపులో వేగముగా పోవుచు హఠాత్తుగా తగ్గించినచో బండి వెనుక భాగము పైకిలేచి, వెలుపలి చక్రము లోనికి ముడుచుకొనును. ఆ చట్రముపైననే 1966లో ఆరు సిలిండర్ల ఇంజను నమర్చి జీటీ6 అను కారును చేసిన ట్రయంఫ్ వారే నిందపడి, 1968లో వెనుక అమరికను మార్చవలసివచ్చెను. కర్మాగారమునకే తప్పని పని కొట్టములో తప్పునా?

"బ్రేకులు పెండ్లి తరువాత చూతము, మామయ్యా" అనెను మేనల్లుడు. "పిల్లను ఆ బండిలో కూర్చుండనీయను" అంటిని. అతడు రెండుదినములు నాతో మాటాడలేదు. పెండ్లికూతురు అద్దెకారులో పోయినది. కారెక్కునపుడు కొట్టమువైపు చూచి కన్నులు తుడుచుకొన్నది. ఆ చూపు నన్ను నేటికిని నొప్పించుచున్నది. అయినను ఆ మాట మరల అడిగిన మరల అట్లే చెప్పుదును.

తరువాత ఇంగ్లండునుండి స్పిట్‌ఫైరు డిస్కు బ్రేకులు తెప్పించినాడు. బంధుత్వముచే అవి హెరాల్డు ముందు చక్రములకు అమరినవి. అప్పుడు గాని నేను చట్టము తెఱచి చూడలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములు నిర్మాత చెప్పినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దీనినే గట్టిగా చెప్పినది. మొదట చదువవలసినదానిని కడపట చదివితిని. మేనల్లుని నాలుగు నెలల శ్రమలో నా వంతు దోషమిది.

ఆ బండి తిరువూరు రోడ్డెక్కలేదు. ఆషాఢమాసమునకు చెల్లెలు పుట్టింటికి వచ్చినపుడు, మేనల్లుడు ఆమెను ముందుసీటులో కూర్చుండబెట్టుకొని మామిడితోటలో మెల్లగా నడిపెను. 25 అడుగుల వలయములో తిరుగు బండి యది. చెట్ల వరుస చివర ఒక్క త్రిప్పుతో మఱలెను. మా చెల్లెలు గట్టుమీద కూర్చుండి, ఆయన తోలినట్లే తోలుచున్నాడని, నావైపు చూడకుండ అనెను.