బైపోలార్ డిజార్డర్: ఇంట్లో భాగస్వామి చేయగల సాయం

బైపోలార్ డిజార్డర్ దశలవారీగా వచ్చిపోయే తీవ్ర మానసిక వ్యాధి. ఒక దశలో ఉత్సాహమో చిరాకో హద్దు మీరుతుంది, దాన్ని ఉన్మాద దశ అంటారు. ఇంకో దశలో మనిషి పూర్తిగా కుంగిపోతాడు. ఉన్మాదం సాధారణంగా కనీసం వారం, కుంగుబాటు కనీసం రెండు వారాలు ఉంటే వైద్యులు దాన్ని ఒక దశగా లెక్కిస్తారు. రెంటికీ నడుమ నెలలు, ఒక్కోసారి ఏళ్లు కుదురుగా గడుస్తాయి. భార్య గానీ భర్త గానీ చేయగల సాయంలో ఎక్కువ భాగం ఈ కుదురుకాలంలోనే మొదలుపెట్టాలి. ఉన్మాదం ముదిరాక తనకు జబ్బుందన్న ఎరుకే రోగికి తరచుగా ఉండదు.

చాలామందిలో తొలి ఆనవాలు నిద్ర తగ్గడం. రాత్రి మూడు గంటలే పడుకున్నా పొద్దున అలసట కనిపించదు. ఒక మాట ముగియకుండానే ఇంకోటి అందుకుంటారు. అర్ధరాత్రి పైఅధికారికి పొడవాటి ఈమెయిళ్లు వెళ్తాయి, కొన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియని వస్తువులు గుమ్మం ముందు దిగుతాయి. ఈ ఆనవాళ్లు మనిషికీ మనిషికీ వేరైనా, ఒకే మనిషిలో చాలావరకు అదే వరసలో తిరిగి వస్తాయి. కుదురుగా ఉన్నప్పుడే ఇద్దరూ కూర్చుని ఆ వరసను కాగితం మీద పెట్టుకోవడం మేలు. ఏది కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేయాలి, క్రెడిట్ కార్డులు, కారు తాళాలు ఎవరి దగ్గర ఉండాలి, పిల్లల్ని ఎవరింట్లో ఉంచాలి అన్నవి అందులో రాసుకోవాలి. ముందే ఒప్పుకున్న మాట కాబట్టి ఆ వేళకు అది పెత్తనంగా తోచడం తగ్గుతుంది.

మందుల్లో ముఖ్యమైనది లిథియం. ఉన్మాదానికి ఇది పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించాడు. అమెరికాలో 1970లో దీనికి అనుమతి వచ్చింది. మోతాదు తగ్గితే పనిచేయదు, కొంచెం పెరిగినా విషమవుతుంది. రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోళ్ల మధ్య ఉండేలా చూస్తారు. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీస్తారు, మూత్రపిండాలకూ థైరాయిడ్‌కూ పరీక్షలు చేయిస్తూ ఉంటారు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే లిథియం పెరుగుతుంది. అందుకే మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం, వాంతులు విరేచనాలు, మే నెల ఎండల్లో ఇండియా ప్రయాణం, బీపీ కోసం ఉన్నట్టుండి ఉప్పు మానేయడం, నొప్పికి ఐబుప్రోఫెన్ మింగడం ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

పిల్లలు పుడితే అన్నీ సర్దుకుంటాయని పెద్దవాళ్లు చెబుతుంటారు. నిజానికి ప్రసవం తర్వాతి వారాల్లో ఈ జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఈ జబ్బుకు వాడే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. అందుకని గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి తప్ప మాత్రలు సొంతంగా ఆపకూడదు.

ఇంట్లో మాటతీరు కూడా జబ్బు గతిని మారుస్తుంది. ఎత్తిపొడుపులు, ఈసడింపు, అతిగా కాపలా కాయడం ఉన్న ఇళ్లలో రోగులకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువని లండన్‌లో జార్జ్ బ్రౌన్, ఆయన సహచరులు మొదట స్కిజోఫ్రెనియా విషయంలో చూపారు. తర్వాత బైపోలార్‌లోనూ అదే కనిపించింది. ప్రతి చిన్న తగువుకూ “మాత్ర వేసుకోలేదా ఏంటి?” అని దెప్పితే, న్యాయమైన కోపాన్నీ జబ్బు ఖాతాలో రాసినట్టవుతుంది. “రెండు రాత్రులుగా నిద్ర లేదు కదా, రేపు డాక్టరుకు ఫోన్ చేద్దాం” అంటే మాట కంటికి కనిపించిన దాని మీదే నిలుస్తుంది.

కుంగుబాటులో ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయేమో నేరుగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. తుపాకీ, మిగిలిపోయిన మాత్రలు అందకుండా చేయాలి. ఇలాంటప్పుడు ఫోన్లో సాయం అందించడానికి అమెరికాలో 988 నంబరు 2022 జులై నుంచి, ఇండియాలో టెలీ మానస్ 14416 అదే ఏడాది అక్టోబరు నుంచి పనిచేస్తున్నాయి.

రోగి అనుమతి లేదంటూ డాక్టరు వివరాలు చెప్పకపోవచ్చు. కానీ ఇంటివాళ్లు చెప్పేది వినడానికి రోగుల వివరాల గోప్యతను కాపాడే అమెరికాలోని హిపా చట్టం అడ్డురాదు, గమనించినవన్నీ రాసి పంపవచ్చు. అక్కడే కనీసం 50 మంది ఉద్యోగులున్న సంస్థల్లో ఏడాది కాలం, కనీసం 1,250 గంటలు పనిచేసినవారికి 1993 నాటి ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ (కుటుంబ, వైద్య సెలవుల) చట్టం కింద భాగస్వామి సంరక్షణకు ఏడాదికి 12 వారాల వరకు జీతం లేని సెలవు దొరుకుతుంది.

చూసుకునే మనిషికీ తోడు కావాలి. భాగస్వామి ఉద్యోగం వల్ల దొరికే హెచ్-4 వీసా మీద అమెరికాలో ఉన్నవారికి అక్కడ అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్లు ఉండరు, విషయం బయటపడితే పరువు పోతుందన్న భయం ఒకటి. 1979లో అమెరికాలో ఏర్పడిన నామీ సంస్థ మానసిక రోగుల కుటుంబాలకు ఉచితంగా ఎనిమిది తరగతుల శిక్షణ ఇస్తుంది. నమ్మకమైన ఒకరిద్దరికి విషయం చెప్పుకోవడం, తన నిద్రనూ స్నేహాలనూ వదులుకోకపోవడం ఈ సంరక్షణలో భాగమే. కొట్టడం, బెదిరించడం మొదలైతే పిల్లలతో సహా సురక్షితమైన చోటికి వెళ్లి, అక్కణ్నుంచి వైద్యసాయం పిలిపించాలి.