గడికి గొళ్ళెం

జనవరి, ఫిబ్రవరి నెలలు వచ్చాయంటే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బళ్ళలోనూ వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ ఫైలు చేతులు మారుతుంటుంది. జీతం, డీఏ, పొదుపులు నింపితే ఆదాయపు పన్ను తేల్చిపెట్టే ఫైలు అది. తయారుచేసేది చాలాసార్లు తోటి టీచరే. అందరూ దాన్ని ‘సాఫ్ట్‌వేర్’ అంటారు, ఆ గౌరవం దానికి తగినదే. అయితే ఫార్ములా ఉన్న గడిలో ఎవరో పొరపాటున 48,000 అని కొట్టారనుకోండి. ఫార్ములా మాయమవుతుంది, అంకె మాత్రం దర్జాగా కూర్చుంటుంది. కింద కూడికలు కూడా నడుస్తూనే ఉంటాయి. ఆ ఫైలు అందుకున్న తర్వాతి మనిషి తన జీతం ఎంత నింపినా ఆ గడిలో 48,000 కదలదు. తప్పు కంటపడకపోవడమే దీనిలోని అసలు ప్రమాదం.

ఎక్సెల్‌లో ప్రతి గడికీ ‘లాక్డ్’ అనే గుర్తు ముందే ఉంటుంది, కానీ ‘ప్రొటెక్ట్ షీట్’ నొక్కేదాకా అది పనిచెయ్యదు. ఇది తెలియక నేరుగా ఆ మీట నొక్కితే షీటంతా బిగుసుకుపోతుంది, విసుగొచ్చి మొత్తం తీసేస్తారు. ముందు నింపవలసిన గడులను ఎంచుకుని, కంట్రోల్‌తో 1 నొక్కి, ప్రొటెక్షన్‌లో లాక్డ్ దగ్గరున్న టిక్కు తీసెయ్యాలి. షీటును మూయడం ఆ తర్వాతి పని. గూగుల్ షీట్స్‌లోనైతే అడ్డుకోకుండా హెచ్చరించి వదిలే ఏర్పాటు కూడా ఉంది.

షీటుకు పెట్టే పాస్‌వర్డును ఛేదించడం తేలికే కదా, ఇదేం రక్షణ అంటారు కొందరు. నిజమే, షీటు రక్షణ భద్రత కోసం ఉద్దేశించినది కాదని మైక్రోసాఫ్టే చెబుతుంది. ఇది దొంగను ఆపే తాళం కాదు, మేక దూరకుండా పెట్టే గొళ్ళెం. మన చేతి పొరపాటుకు అది చాలు. దానికీ ఒక సందుంది: తెరిచి ఉన్న గడిని కట్ చేసి మరో గడిలో పేస్ట్ చేస్తే, మూసిన ఫార్ములా కూడా దెబ్బతింటుంది. కాపీ చేయడమే క్షేమం.

మూసిన ఫార్ములాలోని రేట్లు మారితే ఎలా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ వేతన సవరణ (పీఆర్సీ) ఉత్తర్వులు ఇచ్చిన ఇంటి అద్దె భత్యం రేట్లు, ఉద్యోగుల ఆందోళన తర్వాత ఫిబ్రవరికల్లా మారాయి. 2024 జులై బడ్జెట్‌లో కొత్త పన్ను విధానానికి స్టాండర్డ్ డిడక్షన్ 50,000 నుంచి 75,000 అయింది. అందుకే రేటును ఫార్ములా కడుపులో దాచకూడదు. దానికి విడిగా, తెరిచి ఉన్న ఒక గడి ఇవ్వాలి.

ఫార్ములాయే తప్పైతే గొళ్ళెం ఆ తప్పునే కాపాడుతుంది. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు దేశాల అప్పుల మీద రాసిన ప్రసిద్ధ పత్రంలో సగటు తీసే ఫార్ములా 20 దేశాల్లో 5 దేశాలను వదిలేసింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి ఆ షీటు అడిగి తెప్పించుకుని తెరిచి చూశాకే అది బయటపడింది. కనుక ఫైలు పంచే మాస్టార్లకు ఒక మనవి: గడిని మూయండి, కానీ పక్కనే ఉన్న, ఫార్ములాను కనబడకుండా దాచే ‘హిడెన్’ టిక్కు మాత్రం పెట్టకండి.