నీళ్ళు ననీళ్ళు నిండాయి

పై వాక్యంలో అచ్చుతప్పు లేదు. పోయిన నెల మా ల్యాబ్‌లో కంప్యూటర్ తెర మీద వచ్చింది వచ్చినట్టు రాశాను. నేను పంపింది "నీళ్ళు నిండాయి" అని. ఒక బోర్డు పంపితే ఇంకో బోర్డు అందుకుని తెర మీద చూపించాలి. అది చూపించింది ఇలా. పక్కనే ఉన్న సీనియర్ అక్క చూసి నవ్వి, "తెలుగు పోదులేవే దీంట్లో, ట్యాంక్ ఫుల్ అని ఇంగ్లీషులో పెట్టేయ్" అంది. పెట్టి చూశాను. ఒక్క తప్పు లేకుండా వచ్చింది. ఆ రోజుకు ఆమె మాటే నిజమైంది.

కానీ నాకు ఇంగ్లీషుతో పని జరగదు. టేకల్లో మా ఇంటి మిద్దె మీద ట్యాంకు ఉంది, మోటారు స్విచ్ కింద అవ్వ మంచం పక్కన ఉంది. మా అవ్వ కుప్పం వైపు మనిషి, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు అసలు రాదు. మా కోలారు జిల్లాలో నీళ్ళ సంగతి మీకు చెప్పనక్కరలేదు. ట్యాంకు పొర్లి నీళ్ళు వీధిలో పోతుంటే చూసేవాళ్ళకే కడుపు మండుతుంది. అందుకే మిద్దె మీద ఒక బోర్డు, కింద ఒక బోర్డు పెట్టి, నిండగానే అవ్వకు తెలిసేలా చేయాలని ప్రాజెక్టు మొదలుపెట్టాను. తెలుగు శాఖ గోడపత్రికలో ఈ తీగల గొడవ ఏమిటని అడక్కండి. చివరికి తేలింది అక్షరాల సంగతే.

ముందు తీగ సంగతి. మైక్రోకంట్రోలర్ అంటే గోరంత కంప్యూటర్. నేను వాడింది ఆర్డుయినో ఊనో బోర్డులు రెండు. రెండింటి మధ్య మాట నడవడానికి మూడు తీగలు చాలు. ఒకదాని టీఎక్స్ కాలు రెండోదాని ఆర్‌ఎక్స్ కాలికి వెళ్ళాలి, దాని టీఎక్స్ దీని ఆర్‌ఎక్స్‌కు రావాలి. ఒకరి నోరు ఇంకొకరి చెవికి అన్నమాట. మొదటిసారి అందరూ టీఎక్స్‌ను టీఎక్స్‌కే కలుపుతారు, నేనూ కలిపాను. మూడో తీగ గ్రౌండ్. దాన్ని మరిచిపోతే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే ఎంత వోల్టేజి "ఒకటి", ఎంత "సున్నా" అని కొలవడానికి ఇద్దరికీ ఒకే నేల ఉండాలి. ఊనోలు రెండూ 5 వోల్టులవే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. ఒకటి 5, ఇంకొకటి 3.3 వోల్టులది అయితే మాత్రం నేరుగా కలపకండి, చిన్నది కాలిపోవచ్చు.

ఒకే తీగ మీద సమాచారం వరసగా, ఒక్కొక్క బిట్‌గా పోతుంది. దీన్నే సీరియల్ అంటారు. ఇది మా ఊరికి కొత్త కాదు. రైల్వే వాళ్ళు "త్యాకల్" అని రాసుకునే మా స్టేషన్ మాలూరుకూ బంగారుపేటకూ మధ్య ఉంది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు వేసిన దారి అది. రైల్వేలో పక్కపక్క స్టేషన్ల మాస్టర్లు బ్లాక్ యంత్రం గంటలతో మాట్లాడుకునే పద్ధతి ఒకటుంది. ఒక దెబ్బ అంటే "ఇటు చూడు". రెండు దెబ్బలు "దారి ఖాళీయేనా?" మూడు "బండి నీవైపు వస్తోంది". నాలుగు "వచ్చేసింది". ఆరు దెబ్బలు వినిపించాయంటే ప్రమాదం. విన్న మాస్టరు అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి, అప్పుడే పంపినవాడికి చెప్పింది చేరినట్టు లెక్క. గంటకు భాష లేదు. ఎన్ని దెబ్బలకు ఏమి అర్థమో ఇద్దరికీ ముందే తెలియడంలోనే ఉంది అంతా.

బోర్డుల మధ్య కూడా అలాంటి ఒప్పందమే. అందులో మొదటిది వేగం, అంటే బాడ్ రేటు. ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమీల్ బోదో పేరు మీద వచ్చిన మాట అది. నేను పెట్టుకున్నది 9600. అంటే ఒక్కో బిట్ తీగ మీద ఉండేది సెకనులో పదివేలో వంతు కంటే కాస్త ఎక్కువ, సుమారు 104 మైక్రోసెకన్లు. మాటల్లేనప్పుడు తీగ పైస్థాయిలో, అంటే ఒకటిగా ఉంటుంది. పంపేది ఒక్కసారి సున్నాకు దించగానే అందుకునేది మేలుకుంటుంది. దాన్నే స్టార్ట్ బిట్ అంటారు. అక్కడి నుంచి అందుకునేది తన గడియారం చూసుకుంటూ ఒక్కో బిట్ నడిమధ్యలో తీగను తొంగి చూస్తుంది. ఎనిమిది బిట్లు అయ్యాక తీగ మళ్ళీ పైకి లేస్తుంది, అది స్టాప్ బిట్. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్, అంటే 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య. ముందొకటి వెనకొకటి కలుపుకుని బైట్‌కు పది బిట్లు పడతాయి కాబట్టి 9600 వేగంతో సెకనుకు 960 బైట్లు పోతాయి. రెండు గడియారాలు కచ్చితంగా ఒకటి కానక్కరలేదు. కానీ నూటికి నాలుగైదు వంతులు తేడా వచ్చిందంటే పదో బిట్ దగ్గరకు వచ్చేసరికి పక్క బిట్‌ను చూసేస్తుంది.

ఇంకో విశేషం, ఇది తెలుగు క్లాసులో కూర్చున్నవాళ్ళకు నచ్చుతుంది. బైట్‌లో బిట్లు మనం రాసే వరసలో పోవు. అతి చిన్న స్థానం ముందు పోతుంది. 159 అనే సంఖ్య కాగితం మీద 10011111. తీగ మీద మాత్రం 1,1,1,1,1,0,0,1. శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటల్లో చెప్పే పద్ధతి గుర్తు చేసుకోండి. వేద, నేత్ర, రామ, శశి అంటే 4, 2, 3, 1. ఒకట్ల స్థానం ముందు చెప్పి, చదివేటప్పుడు వెనక నుంచి 1324 అనుకుంటాం. అంకెలు ఎడమకు నడుస్తాయనే ఆ నియమం తెలియనివాడు 4231 అని చదివి తికమక పడతాడు. ఇక్కడా అంతే.

ఇప్పుడు అసలు చిక్కు. తెలుగు పోదన్నారు కదా, ఆ రాత్రి పొరపాటున ఒక పని చేశాను. వచ్చిన బైట్‌ను అక్షరంగా చూపించమని రాయాల్సిన చోట, సంఖ్యగా చూపించమని రాశాను. పరీక్షకు పెట్టిన మాట మా ఊరి పేరు, "టేకల్". తెర మీద ఇలా వచ్చింది: 224 176 159, 224 177 135, 224 176 149, 224 176 178, 224 177 141. (కామాలు నేను పెట్టినవి.) ముందు చెత్త అనుకున్నాను. తర్వాత చూస్తే ప్రతి మూడో చోటా 224 ఉంది. అలాంటివి ఐదు గుంపులు. టేకల్‌లో కంటికి కనిపించేవి మూడే అక్షరాలు కదా, ఐదెక్కడివి? ట, ఏత్వం, క, ల, పొల్లు. లెక్క సరిపోయింది!

యూనికోడ్ పట్టికలో ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఉంటుంది. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కే. ట సంఖ్య 3103. బైట్‌లో 255కు మించి పట్టదు కాబట్టి దాన్ని ముక్కలు చేసి పంపాలి. ఆ ముక్కలు చేసే పద్ధతి పేరు యూటీఎఫ్-8, కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో కనిపెట్టారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగు గుర్తుకు మూడు కావాలి. మొదటిది ఎప్పుడూ 224. తక్కిన రెండూ 128 నుంచి 191 లోపే ఉంటాయి. అందుకని నడిమధ్యలో వినడం మొదలుపెట్టినా 224 వచ్చేదాకా ఆగితే సరి, అక్కడ కొత్త గుర్తు మొదలైనట్టే.

అంటే తీగ మీద తెలుగు చక్కగా పోతోంది. మరి "ననీళ్ళు" ఎక్కడి నుంచి వచ్చింది?

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. "నీళ్ళు నిండాయి"లో 13 గుర్తులు, ఒక ఖాళీ. 39కి ఒకటి కలిపితే 40 బైట్లు. చివర లైను మార్చే గుర్తు ఒకటి, మొత్తం 41. పంపే బోర్డు రెండు సెకన్లకొకసారి దీన్ని పంపుతోంది. అందుకునే బోర్డులో నేను రాసిన ప్రోగ్రాం వచ్చినదంతా చదివి, ఐదు సెకన్లు నిద్రపోయి, మళ్ళీ లేస్తోంది. అది నిద్రపోయేటప్పుడు వచ్చే బైట్లు బఫర్ అనే చిన్న తొట్టిలో పడతాయి. ఊనోలో ఆ తొట్టి 64 బైట్లు, ఒకటి ఖాళీగా ఉంచుకుంటుంది కాబట్టి వాడకానికి 63. మొదటి వాక్యం 41 పట్టింది. మిగిలింది 22. రెండో వాక్యంలో "నీళ్ళు" 18, ఖాళీ 1, "న" 3, సరిగ్గా 22! తొట్టి నిండింది, తక్కినదంతా పొర్లిపోయింది. లేచి చదివినప్పుడు "నీళ్ళు న" దగ్గర ఆగి, మళ్ళీ నిద్ర. తర్వాత వచ్చిన వాక్యం దానికి అతుక్కుని "నీళ్ళు ననీళ్ళు నిండాయి" అయింది. ట్యాంకు పొర్లకుండా చూడ్డానికి కట్టిన యంత్రంలోనే తొట్టి పొర్లింది.

"ట్యాంక్ ఫుల్" ఇంగ్లీషులో 9 బైట్లు, లైను గుర్తుతో 10. ఐదు సెకన్లలో రెండు మూడు వాక్యాలు వచ్చినా 30 దాటదు. అందుకే తప్పు కనిపించలేదు. తప్పు రెండింటిలోనూ ఉంది, ఇంగ్లీషు పొట్టిది కాబట్టి దాక్కుంది. నిద్ర తీసేశాను. వచ్చిన బైట్ వచ్చినట్టే తీసుకుని, లైను గుర్తు కనిపించేదాకా దాచిపెట్టి, ఒకేసారి చూపించమన్నాను. "నీళ్ళు నిండాయి", మళ్ళీ "నీళ్ళు నిండాయి", గంటసేపు కూర్చుని చూశాను. సీనియర్ అక్కను పిలిచి చూపించాను కూడా. "అయితే పోతుందన్నమాట" అని ఊరుకుంది.

ఆ సంఖ్యలతో ఆడుకుంటుంటే కన్నడ టేకల్ కూడా పంపి చూడాలనిపించింది. మా ఊళ్ళో బోర్డు మీద కన్నడం, ఇంట్లో తెలుగు, అందరికీ రెండూ వచ్చు. కన్నడ ట వచ్చింది 224 178 159. తెలుగు ట 224 176 159. ఒక్క బైట్ తేడా. ఆ 176ను, 178ని బిట్లుగా రాస్తే 10110000, 10110010. ఒక్క బిట్ తేడా! అన్ని గుర్తులకూ అంతే. 1991లో యూనికోడ్ మొదటిసారి వచ్చినప్పుడు మన దేశంలో అప్పటికే ఉన్న ఇస్కీ పట్టిక వరసనే తీసుకున్నారు. అందుకని తెలుగు క ఏ స్థానంలో ఉందో కన్నడ క తన గదిలో అదే స్థానంలో ఉంది. రెండు గదుల మధ్య దూరం సరిగ్గా 128. తీగ పక్కన మోటారు ఆన్ అయి ఒక్క బిట్ చెదిరితే తెలుగు ట కన్నడ ట అయిపోగలదు. ఇది చదివి మా ఇంట్లో నాన్న, "మనకేం, రెండూ చదువుతాం" అన్నాడు.

ఇలాంటి చెదురుడు పట్టుకోవడానికి పారిటీ బిట్ అని ఉంది. బైట్‌లో ఒకట్లు ఎన్నో లెక్కపెట్టి, మొత్తం సరిసంఖ్య అయ్యేలా ఇంకొక బిట్ కలిపి పంపుతారు. 176లో ఒకట్లు మూడు, 178లో నాలుగు, వెంటనే దొరికిపోతుంది. రెండు బిట్లు ఒకేసారి తిరగబడితే మాత్రం దీనికి తెలియదు. దానికంటే నేను వాక్యంలోని బైట్లన్నీ కూడి, 256తో భాగించగా మిగిలిన శేషాన్ని చివర పంపుతున్నాను. టేకల్‌కు అది 204. అందుకున్న బోర్డు తనూ కూడి చూసుకుంటుంది. సరిపోతే స్టేషన్ మాస్టరు లాగా ఒక గుర్తు తిరిగి పంపుతుంది, రాకపోతే పైబోర్డు మళ్ళీ చెబుతుంది.

మిద్దె మీదికి తీగ పొడవెక్కువ. బల్ల మీద పనిచేసిన మామూలు తీగలు అంత దూరానికి నమ్మకం కాదు. ఆర్‌ఎస్-485 అనే పద్ధతికి మారాను. అందులో ఒకటి, సున్నా అనేది రెండు తీగల మధ్య తేడాను బట్టి తెలుస్తుంది, చెదురుడు రెండింటి మీదా సమానంగా పడి తేడా మారదు. కిలోమీటరు దాకా పోతుంది.

అవ్వ దగ్గర కంప్యూటర్ ఉండదు కదా, చిన్న తెర కావాలి. ల్యాబ్‌లో అందరూ వాడే రెండు లైన్ల తెరకు తెలుగు రాదు, మనం సొంతంగా గీసుకోవడానికి అందులో ఎనిమిది గుర్తులకే చోటు. 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు ఉండే బుల్లి తెర కొన్నాను. వాక్యాన్ని పెద్ద అక్షరాల బొమ్మగా చేసి, ఒక్కో బొమ్మకు 1,024 బైట్ల చొప్పున, కింది బోర్డులోనే దాచాను. ఒత్తులు, గుణింతాలు కూర్చే పని ఆ బోర్డుకు చేతకాదు మరి. బొమ్మలు కిందే ఉన్నాక తీగ మీద మొత్తం వాక్యం ఎందుకు? ఇప్పుడు పై నుంచి వచ్చేది ఒక్క అంకె, దాని శేషం. 1 అంటే సగం, 2 అంటే నిండాయి, 3 అంటే అడుగంటాయి. "అంత పోట్లాడి చివరికి ఒక అంకె పంపుతున్నావా" అని నా బెంచీ స్నేహితురాలు ఇప్పటికీ ఏడిపిస్తుంది. స్టేషన్ గంటలకు కూడా వాక్యాలు లేవు కదా అని సర్దుకున్నాను. కానీ తెలుగు పోదని మానుకోలేదు, పోతుందని తెలిశాక మానుకున్నాను.

పోయిన ఆదివారం ఇంట్లో బిగించాను. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు తెర మీద ఆనించి, "నీ..ళ్ళు నిం..డా..యి" అని చదివింది. స్విచ్ ఆపింది. ఆ సరికే నాలుగు చెంబుల నీళ్ళు తూము గుండా వీధిలో పడ్డాయి. తెర వైపు చూసి, "నిండినాక చెప్తే ఏం లాభం పాపా, నిండబోతా ఉంటే చెప్పమను దాన్ని" అంది. ట్యాంకులో ఇంకో తేలుడు స్విచ్ కొంచెం కిందుగా కట్టాలి. నాలుగో బొమ్మ గీస్తున్నాను.