మట్టిదారిపై రెండు చక్రములా, నాలుగు చక్రములా?

గ్రామసీమలలో వాహనము నేడు విలాసవస్తువు కాదు. పాలకేంద్రమునకు పాలు చేరవలెనన్నను, పొలమునకు ఎరువు బస్తా చేరవలెనన్నను, జ్వరముతోనున్న బిడ్డ ఆస్పత్రికి చేరవలెనన్నను మోటారు సైకిలే ఆధారమగుచున్నది. తారురోడ్డు పొలిమేరతో ఆగిపోవచ్చును. పని మాత్రము అక్కడ ఆగదు. డొంకదారులు, చెరువు కట్టలు, వాగుల గట్లు, కొండవాలులు దాటి పోవలసియుండును.

ఇట్టి దారుల కొరకే నిర్మింపబడిన వాహనములు రెండు విధములు. ఒకటి డర్ట్ బైకు, అనగా మట్టిదారి మోటారు సైకిలు. రెండవది క్వాడు, అనగా లావైన నాలుగు చక్రములు, మోటారు సైకిలు వంటి హ్యాండిలు, గుఱ్ఱపు జీను వంటి సీటు గల బండి. నగరములకు సమీపమున గల విహారస్థలములలో క్వాడులను అద్దెకిచ్చి త్రిప్పించుట ఇప్పటికే వాడుకలోనికి వచ్చినది. అట్టి వ్యాపారము పెట్టదలచినవారు పంచాయతీ కార్యాలయమునకు వచ్చినపుడు, లేక ఊరి రైతు ఒకరు "ఈ రెండింటిలో ఏది క్షేమము?" అని అడిగినపుడు సభ్యులు ఏమని చెప్పవలెను? ఆ సంగతినే ఇచ్చట వివరింపదలచితిమి.

కంటికి కనబడు స్థిరత్వము

చూచినంతనే ఎవరైనను నాలుగు చక్రముల బండియే క్షేమమని చెప్పుదురు. రెండు చక్రముల బండి నిలబెట్టిన నిలువదు, క్వాడు నిలుచును. కాని నిలిచియుండుట వేరు, వాలుపై నడచుట వేరు. గడ్డి ఎత్తుగా వేసిన ఎడ్లబండిని మనమందరము చూచియున్నాము. చదును నేలపై అది చక్కగా పోవును. ఒక చక్రము గట్టుపైకెక్కినచో రెండవ వైపునకు ఒరిగి బోర్లపడును. బరువు ఎత్తున ఉండి, చక్రముల నడుమ వెడల్పు తక్కువైనపుడు ఏ బండికైనను ఇదే గతి. క్వాడు స్వభావము సరిగా ఇట్టిదే.

దీనికి తోడు మరియొక చిక్కు గలదు. బండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలి చక్రము కంటె ఎక్కువ దూరము పోవలెను. ట్రాక్టరులో ఇందుకై ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల అమరిక ఉండును. అనేక క్వాడులలో వెనుక ఇరుసునకు ఈ అమరిక లేదు. రెండు చక్రములును ఒకే వేగమున తిరుగును. గట్టి నేలపై హ్యాండిలు త్రిప్పినను బండి తిన్నగా పోజూచును. నడుపువాడు భయపడి మరింత త్రిప్పును. అప్పుడు బండి ఒక్కసారిగా మళ్లి పల్టీకొట్టును. తారురోడ్డుపై క్వాడును నడుపుట ప్రమాదకరమని చెప్పుటకు ఇదియే ముఖ్యకారణము.

క్వాడును నడుపువాడు కేవలము కూర్చుండిన చాలదు. వాలునకు అడ్డముగా పోవునపుడు దేహమును మెరకవైపునకు వంచవలెను. ఎక్కునపుడు ముందునకు, దిగునపుడు వెనుకకు జరుగవలెను. సీటు పొడవుగా ఉండుట ఇందుకొరకే కాని వెనుక మరియొకరిని కూర్చుండబెట్టుటకు కాదు. ఒకరి కొరకు నిర్మించిన బండిపై ఇద్దరెక్కినచో నడుపువానికి జరుగుటకు చోటుండదు. సగము నిండిన పురుగుమందు నీళ్ల ట్యాంకును కట్టినను అపాయమే. నీరు పల్లమువైపునకు ఊగి బండిని తనతో లాగుకొనిపోవును.

పడుటలోని భేదము

డర్ట్ బైకు పడదా? తప్పక పడును; క్వాడు కంటె తరచుగా కూడ పడవచ్చును. అయితే పడునపుడు బండి ఒకవైపునకు, మనిషి ఒకవైపునకు పోవుట సాధారణము. దాని బరువు సుమారు 100 మొదలు 130 కిలోల వరకు ఉండును. చేయి, మెడయెముక, కాలు విరుగుట ఇందు ఎక్కువ. శిరస్త్రాణము లేనిచో తలకు దెబ్బ తగులును.

పొలముపనుల క్వాడు బరువు 250 మొదలు 350 కిలోలు. అది బోర్లపడినపుడు నడుపువాడు క్రింద చిక్కుకొనును. ఎముక విరుగకపోయినను రొమ్ముపై బరువు పడి ఊపిరి ఆడక మరణించినవారు గలరు. ఒంటరిగా పొలమునకు పోయినవాని అరుపు ఎవరికిని వినబడదు. శిరస్త్రాణము తలను కాపాడును కాని రొమ్మును కాపాడజాలదు.

2010వ సంవత్సరమున అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ వైద్యులు సుమారు 60,000 మంది క్షతగాత్రుల వివరములను పరిశీలించిరి. అంతటి గాయములే తగిలిన డర్ట్ బైకు వారితో పోల్చగా, క్వాడు వంటి బండ్లపై గాయపడినవారు మరణించుట సుమారు సగము అధికమని తేలినది. క్వాడు వారిలో శిరస్త్రాణము ధరించినవారు తక్కువ. అయినను అది ధరించినవారిని మాత్రమే చూచినను ఈ భేదము పోలేదు.

పరదేశముల అనుభవము

ఈ జాతి బండ్లలో మొదటిది మూడు చక్రములది. 1970లో జపానుకు చెందిన హోండా కంపెనీ దానిని అమెరికాలో అమ్మకమునకు పెట్టెను. మలుపులలో అది తేలికగా తిరుగబడుచుండుటచే ప్రాణనష్టము, ముఖ్యముగా పిల్లల ప్రాణనష్టము, మిక్కిలియైనది. 1988లో అక్కడి ప్రభుత్వమునకును కంపెనీలకును న్యాయస్థానమున ఒప్పందము కుదిరి, క్రొత్త మూడు చక్రముల బండ్ల అమ్మకము నిలిచిపోయినది. దాని స్థానమును నాలుగు చక్రముల బండి ఆక్రమించెను.

ఆస్ట్రేలియా పశుపోషకుల దేశము. గొఱ్ఱెల మందలను, పశువులను తోలుటకు అక్కడి రైతులు క్వాడును విరివిగా వాడిరి. 2011 తరువాతి సంవత్సరములలో అచ్చట సగటున ఏటా 16 మంది క్వాడు ప్రమాదములలో మరణించిరి. రోజునకు ఆరుగురు ఆస్పత్రి పాలైరి. మరణములలో సగమునకు మించినవి బండి బోర్లపడుట వలననే. అందుచే ఆ ప్రభుత్వము 2019లో భద్రతా ప్రమాణమును శాసించెను. 2020 అక్టోబరు 11 నుండి ప్రతి క్రొత్త క్వాడుపైన, అది ఎంత వాలున ఒరుగునో తెలుపు పట్టీయు, హెచ్చరికయు ఉండవలెను. 2021 అక్టోబరు 11 నుండి పొలముపనుల క్వాడు 28.81 డిగ్రీల కంటె తక్కువ వాలున ప్రక్కకు ఒరుగరాదు. సీటు వెనుక రక్షణ కమాను ఉండితీరవలెను. బండి తలక్రిందులైనపుడు ఆ ఇనుప కమాను నేలకు ఆని, మనిషి దేహమునకు కొంత చోటు మిగుల్చును. కొన్ని కంపెనీలు దీనికి అంగీకరింపక ఆ దేశమున క్వాడుల అమ్మకమునే మానుకొన్నవి. ప్రభుత్వము మాత్రము వెనుదీయలేదు.

ఎవరికి ఏది?

మొత్తము మీద డర్ట్ బైకు నేర్చినవానికి క్షేమకరమైనది. నేర్వనివానికి అదియు అపాయమే. సీటు సుమారు మూడడుగుల ఎత్తున ఉండును. క్లచ్చి, గేర్లు, రెండు బ్రేకులు అలవడవలెను. సన్నని గట్లు, రాతిబాటలు, అడవి దారులు గలచోట అదియే తగినది. 2018లో ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతములలో ప్రవేశపెట్టిన ఫీడరు అంబులెన్సులు మోటారు సైకిలును ఆధారము చేసికొనుటకు కారణము గూడ దారుల ఇరుకే.

చదునైన విశాల క్షేత్రములలో, మెత్తని నేలపై, నెమ్మదిగా పోవు పనికి రక్షణ కమాను గల క్వాడు పనికివచ్చును. మోటారు సైకిలుకు అలవాటుపడినవారు ఇందు ఒక సంగతి మరువరాదు. బండి ఒరిగినపుడు కాలు నేలకు ఆన్చుట వారి అలవాటు. క్వాడుపై అట్లు చేసినచో వెనుక చక్రము కాలిపైనెక్కును. బరువులు మోయుటయే ముఖ్యమైనచో ఈ రెండును కాక, ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండు వీలును, బెల్టులును, పైన ఇనుప పంజరమును గల పొలము బండి మేలు. బెల్టు పెట్టుకొనక ఆ పంజరమును నమ్ముట మాత్రము వ్యర్థము.

ఏ బండియైనను ఐ.ఎస్.ఐ. గుర్తు గల శిరస్త్రాణము, చీలమండ దాటిన బూట్లు, చేతి తొడుగులు ఉండవలెను. ఒంటరిగా పోవువారు ఏ దారిని పోవుచున్నదియు ఇంటివద్ద చెప్పి పోవలెను.

పంచాయతీల కర్తవ్యము

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ప్రజలు స్వేచ్ఛగా రాకపోకలు సాగించు ప్రతిచోటును బహిరంగస్థలమే. డొంకయు, జనులు నడచు చెరువు కట్టయు ఇందు చేరును. రిజిస్ట్రేషను లేని బండిని అట్టిచోట నడుపరాదు. పందెములకై నిర్మించిన డర్ట్ బైకులకు దీపములు, అద్దములు ఉండవు. అవి కంచెవేసిన మైదానములకే పరిమితము. కనుక ఊరిలో వాడుకొనువారు రిజిస్ట్రేషను పొందిన మోటారు సైకిలునే కొనవలెను. మైనరునకు బండినిచ్చి, నేరము రుజువైనచో, 2019 నాటి సవరణ ప్రకారము సంరక్షకునికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడును.

విహారమునకై క్వాడులను త్రిప్పదలచినవారిని సభ్యులు ఈ ప్రశ్నలు అడుగవలెను:

1. బండ్లకు రక్షణ కమానులు గలవా?
2. దారి చదునుగా ఉన్నదా? చెరువు కట్ట, బావి, విద్యుత్ స్తంభము చెంత లేవుగదా?
3. ఒక బండిపై ఒకరినే ఎక్కనిత్తురా?
4. పిల్లలకు పెద్దల బండినిత్తురా? ఇత్తుమన్నచో అనుమతి నిరాకరించుటయే న్యాయము.
5. బండి మనిషిపై పడినచో లేవనెత్తుటకు ఎందరు సిద్ధముగా ఉందురు? ఆస్పత్రి ఎంత దూరము?

ఈ ప్రశ్నలకు సమాధానములను తీర్మాన పుస్తకమున వ్రాయించినచో పంచాయతీ తన విధిని నెరవేర్చినట్లగును. అద్దె రూపమున వచ్చు ఆదాయము పంచాయతీకి అవసరమే. కాని ఒక యింటి దీపము ఆరిపోయిన పిదప ఆ ఆదాయము ఎవరికిని సంతోషమునీయదు.

నాలుగు చక్రములున్నవి గనుక పడదను నమ్మకమే ఇందరి ప్రాణములు తీసినది. ఆ భ్రమను తొలగించుట చట్టము కంటె ముందు జరుగవలసిన పని. రచ్చబండ వద్ద ఈ నాలుగు మాటలు చెప్పుటకు ఖర్చేమియు లేదు. గడ్డిబండి ఉపమానము చెప్పినచో చదువురాని వృద్ధులకును బోధపడును. వచ్చు గ్రామసభలో సభ్యులు ఈ విషయమును ప్రస్తావింతురని ఆశించుచున్నాము.